డ్రైవర్ బండా, సెల్ఫ్ డ్రైవా, వన్‌వేనా? కిలోమీటరు రేటు చూసి మోసపోకండి

టూర్ అనుకోగానే మనం చేసే పని మూడు ట్రావెల్స్‌కి ఫోన్ కొట్టి "కిలోమీటరుకి ఎంత?" అని అడగడం. ఒకాయన 12 అంటాడు, ఒకాయన 13, ఇంకొకాయన 14. పన్నెండు దగ్గర ఫోన్ పెట్టేసి, బేరం కుదిరిందని ఇంట్లో చెప్పేస్తాం. తీరా బిల్లు వచ్చాక చూస్తే ఆ పన్నెండు రూపాయల బండే ఎక్కువ పడి ఉంటుంది.

ఎలాగో చూడండి. మీరు రోజుకి 230 కిలోమీటర్లే తిరుగుతారు అనుకుందాం. 12 రూపాయలాయన రోజుకి కనీసం 300 కిలోమీటర్లు లెక్క కడతాడు, డ్రైవర్ బత్తా (డ్రైవర్ తిండీ ఖర్చులకి రోజుకి ఇచ్చేది) 500. మొత్తం 4,100. 14 రూపాయలాయన కనీసం 250 కిలోమీటర్లే అంటాడు, బత్తా 300. మొత్తం 3,800. రేటు తక్కువ చెప్పినవాడికే రోజుకి 300 రూపాయలు ఎక్కువ ఇచ్చాం.

అందుకే రేటు అడగడానికి ముందు ఒక కాగితం మీద రెండు అంకెలు వేసుకోండి. ఒకటి, రోజుకి సగటున బండి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది. రెండు, బండి ఎక్కడికీ కదలకుండా ఊరికే నిలబడే రోజులెన్ని. డ్రైవర్ బండి కిలోమీటర్లు అమ్ముతుంది, సెల్ఫ్ డ్రైవ్ గంటలు అమ్ముతుంది, వన్‌వే వాళ్ళు ఒక దిక్కు మాత్రమే అమ్ముతారు. మీ ప్రయాణంలో ఏది తక్కువ ఖర్చవుతుందో దాన్ని కొనుక్కోవాలి.

డ్రైవర్‌తో ట్యాక్సీ: బిల్లు ఎక్కడ పెరుగుతుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది కనీస కిలోమీటర్లు. ఊరు దాటే ప్రయాణాలకి రోజుకి 250 లేదా 300 కిలోమీటర్లు కనీసం అంటారు. మీరు వంద తిరిగినా బిల్లు మాత్రం అంతకే. రెండోది, "రోజు" అంటే ఏమిటి అన్నది. చాలా ట్రావెల్స్‌కి రోజంటే క్యాలెండర్ రోజు, అర్ధరాత్రి 12కి మారిపోతుంది. శుక్రవారం రాత్రి 10 గంటలకి బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చారంటే మన లెక్కలో రెండు రోజులు, వాళ్ళ లెక్కలో మూడు. ఆ శుక్రవారం రెండు గంటలకి పూర్తి రోజు కనీస కిలోమీటర్లూ, బత్తా కూడా పడతాయి. తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరితే ఆ ఖర్చు ఉండదు. నిద్ర కొంచెం పోతుంది, అంతే.

మూడోది మీటరు ఎక్కడ మొదలవుతుంది అన్నది. మీ గుమ్మం దగ్గర మొదలవ్వదు. బండి షెడ్డులోంచి బయటికి వచ్చినప్పటి నుంచి మళ్ళీ షెడ్డులో పెట్టేదాకా లెక్క. మీరు మియాపూర్‌లో ఉండి దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్స్‌లో బండి మాట్లాడితే, మీరు ఎక్కకముందూ దిగిన తర్వాతా కలిపి 50 కిలోమీటర్ల పైనే మీ ఖాతాలోకి వస్తాయి. మీ పేటలో ఉన్న ట్రావెల్స్ కిలోమీటరుకి అర్ధ రూపాయి ఎక్కువ చెప్పినా చిన్న ట్రిప్పులకి వాళ్ళే నయం.

తర్వాత బత్తా. పగటి బత్తా వేరు, రాత్రి 10 దాటి నడిపితే నైట్ బత్తా వేరు. దీన్ని నేను అనుభవంతో నేర్చుకున్నాను. మా అత్తగారిని తీసుకుని శ్రీశైలం బయల్దేరాం. పెద్దావిడ పూజ ముగించేసరికి మధ్యాహ్నం మూడు, దారిలో టీ అని ఒకసారి, టిఫిన్ అని ఒకసారి ఆగాం. మన్ననూరు చెక్‌పోస్టుకి చేరేసరికి తొమ్మిదింపావు. నల్లమల పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. పావుగంట ఆలస్యానికి అక్కడే ఒక రాత్రి, ఒక గది అద్దె, డ్రైవర్‌కి ఇంకో రోజు బత్తా, పైగా మర్నాటి కనీస కిలోమీటర్లు. డ్రైవర్‌ది తప్పు కాదు, టీ మానిపించలేకపోయిన నాది. శ్రీశైలానికి దోర్నాల వైపు నుంచి వెళ్ళినా ఇదే నియమం.

చివరిగా టోల్, పార్కింగ్, సరిహద్దు పన్ను. తెలంగాణ బండి ఆంధ్రాకి గానీ, ఆంధ్రా బండి కర్ణాటకకి గానీ వెళ్తుంటే "ఆలిండియా పర్మిట్ ఉందా, బోర్డర్ ట్యాక్స్ ఎవరిది?" అని ముందే అడగాలి. ఈ మాట సరిహద్దు దగ్గర తేల్చుకుందామంటే మీ మాట చెల్లదు.

టోల్ గురించి ఒక చిన్న భ్రమ కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకి 200 ట్రిప్పుల ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది కదా, అది ఉంది కాబట్టి టోల్ ఖర్చు లేదనుకుంటారు కొందరు. ఆ పాస్ సొంత బండ్లకే. అద్దె బండికి వర్తించదు, మీ కారు పాస్ ఇంకో కారుకి మారదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళాలంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు చోట్లా కట్టాల్సిందే. 24 గంటల్లో తిరిగి వస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది.

సెల్ఫ్ డ్రైవ్: గంటల లెక్క

ఇక్కడ రోజు అంటే 24 గంటలు. శుక్రవారం రాత్రి 8కి తీసుకుంటే శనివారం రాత్రి 8 దాకా ఒక రోజు. రాత్రి ప్రయాణాలు చేసేవాళ్ళకి ఇది కలిసొస్తుంది. బత్తా లేదు, షెడ్డు లెక్క లేదు. కాకపోతే ఆలస్యమైతే గంటకి ఇంత అని జరిమానా ఉంటుంది, అది మామూలు గంట అద్దె కంటే ఎక్కువే ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఊళ్ళోకి వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కోవడం మనకి మామూలే కాబట్టి, తిరిగిచ్చే సమయం రెండు మూడు గంటలు ఎక్కువ పెట్టుకుని బుక్ చేయండి.

అసలు దెబ్బ కొట్టేది కిలోమీటర్ల లిమిట్. యాప్‌లో అందరికంటే తక్కువ కనిపించే రేటుకి చాలాసార్లు రోజుకి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు ఉంటుంది. దాటితే ప్రతి కిలోమీటరుకీ అదనం. తిరుపతి లాంటి దూరానికి అన్‌లిమిటెడ్ రేటు కొంచెం ఎక్కువైనా అదే తీసుకోవాలి.

నంబర్ ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్‌కి అధికారికంగా ఇచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. డ్రైవర్ ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత బండిని తెలిసినవాళ్ళ ద్వారా చౌకగా తెచ్చుకునే అలవాటు మనవాళ్ళలో చాలా ఉంది. ఏమీ కాకపోతే సరే. ప్రమాదం జరిగితే మాత్రం, అద్దెకి తిప్పుతున్నారన్న కారణంతో బీమా క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. రోజుకి ఐదొందలు మిగుల్చుకోవడానికి ఆ టెన్షన్ అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

బీమా ఉందంటే అంతా వాళ్ళే భరిస్తారని కాదు. ఇంత వరకు మీరు కట్టాలి అని ఒక మొత్తం ఉంటుంది. టైర్లు, రిమ్ములు, బండి అడుగు భాగం చాలాసార్లు బీమాలోకి రావు. ఘాట్ రోడ్డులో, పల్లెల సిమెంటు రోడ్ల స్పీడ్ బ్రేకర్ల మీద దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, రిమ్ములు, గాజులు, పెట్రోలు ముల్లు, మీటరు అన్నీ ఒకే వీడియోలో తీసుకోండి. ఇచ్చేటప్పుడు మళ్ళీ ఒకటి. డిపాజిట్ వెనక్కి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అడగండి. చలానాలు మాత్రం వారం తర్వాత కూడా వస్తాయి, అవి మీవే.

వన్‌వే డ్రాప్

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు గానీ, ఊరికి వెళ్ళి నాలుగు రోజులు ఉండేవాళ్ళకి దీన్ని మించింది లేదు. కిలోమీటరు రేటు కొంచెం ఎక్కువుంటుంది, కానీ ఒక వైపుకే కడతారు. వాళ్ళకి తిరుగు బేరం దొరికే దారిలోనే ఇది చౌక. హైదరాబాద్ నుంచి విజయవాడ, వరంగల్, కర్నూలు లాంటి చోట్లకి సులువుగా దొరుకుతుంది. లోపలి పల్లెకి అడిగితే తిరుగు ఖాళీ ఖర్చు కూడా మీ మీదే వేస్తారు. అలాంటప్పుడు పెద్ద ఊరిదాకా వన్‌వే, అక్కడినుంచి ఆటోనో, బావమరిది బండో.

రైలు ఎక్కి, అక్కడ బండి

కారు అద్దె తగ్గించడానికి అన్నిటికంటే మంచి మార్గం, దూరాన్ని కారుకి ఇవ్వకపోవడం. తిరుపతికి సాయంత్రం నారాయణాద్రి ఎక్కితే పొద్దున అక్కడ ఉంటారు. ఆ తర్వాత "8 గంటలు, 80 కిలోమీటర్లు" అనే లోకల్ ప్యాకేజీలో బండి మాట్లాడుకోవచ్చు. కొండ మీదికి ఒక్కటే పని అయితే ఆర్టీసీ బస్సు చాలు, కారే అక్కర్లేదు. అరకు కూడా అంతే. హైదరాబాద్ నుంచి కారులో వెళ్ళడం కంటే రైల్లో విశాఖ చేరి అక్కడ బండి తీసుకుంటే, అరకు 115 కిలోమీటర్లే.

లెక్క వేస్తే

కింద వేసిన రేట్లు లెక్క కోసమే అనుకున్నవి. నలుగురికి సరిపోయే సెడాన్. ట్యాక్సీ కిలోమీటరుకి 13, రోజుకి కనీసం 300 కిలోమీటర్లు, బత్తా 400. సెల్ఫ్ డ్రైవ్ రోజుకి 2,800, లీటరుకి 15 కిలోమీటర్లు, పెట్రోలు 108. వన్‌వే కిలోమీటరుకి 15, విజయవాడకి ఒక వైపు 275 కిలోమీటర్లు. టోల్, పార్కింగ్ కలపలేదు. మీకు చెప్పిన రేట్లు పెట్టి మళ్ళీ వేసుకోండి, పద్ధతి ఇదే.

| ప్రయాణం | తిరిగే కిలోమీటర్లు | డ్రైవర్ ట్యాక్సీ | సెల్ఫ్ డ్రైవ్ | వన్‌వే రెండుసార్లు |
|---|---|---|---|---|
| హైదరాబాద్–శ్రీశైలం, 2 రోజులు | 460 | 8,600 | 8,900 | లెక్కకి రాదు |
| హైదరాబాద్–తిరుపతి, 3 రోజులు | 1,250 | 17,450 | 17,400 | లెక్కకి రాదు |
| విశాఖ–అరకు, 2 రోజులు | 260 | 8,600 | 7,500 | లెక్కకి రాదు |
| హైదరాబాద్–విజయవాడ పెళ్ళి, 5 రోజులు | 600 | 21,500 | 18,300 | 8,250 |

శ్రీశైలం వరుస చూసి నేనే ఆశ్చర్యపోయాను. సెల్ఫ్ డ్రైవ్ చౌక అని అందరం అనుకుంటాం. పెట్రోలు కలిపేసరికి డ్రైవర్ బండితో సమానం అయిపోయింది. అంటే అదే డబ్బుకి నల్లమల ఘాట్‌లో మలుపులు మీరు తిప్పుతారా, వెనక సీట్లో కూర్చుని అడవి చూస్తారా అన్నదే మిగిలిన ప్రశ్న.

తిరుపతిలోనూ సమానమే. అయితే సెల్ఫ్ డ్రైవ్ బండికి రోజుకి 300 కిలోమీటర్ల లిమిట్ ఉండి, దాటిన కిలోమీటరుకి 10 రూపాయలు అన్నారనుకోండి. 900 పోగా మిగిలిన 350కి 3,500 కలిసి 20,900 అవుతుంది. రైలుతో పోల్చాలంటే ఇలా చూడండి. రెండు రోజుల లోకల్ బండికి 5,000 పక్కన పెడితే ట్యాక్సీ ఖర్చులో 12,450 మిగులుతుంది. నలుగురికి రానూపోనూ ఎనిమిది టికెట్లు, ఒక్కోదానికి 1,550 పైనే పెట్టుకోవచ్చు. థర్డ్ ఏసీ టికెట్ అంతకంటే తక్కువలోనే వస్తుంది. టికెట్ దొరకడం మాత్రం వేరే కథ. దర్శనం తేదీ ఖాయమైన రోజే రైలు టికెట్టూ చూసుకోవాలి.

అరకులో సెల్ఫ్ డ్రైవ్ గెలిచింది, ఎందుకంటే తిరిగేది తక్కువ, డ్రైవర్ బండిలో కదలని 340 కిలోమీటర్లకి కడుతున్నాం. కానీ విశాఖలో అరకుకి కిలోమీటరు లెక్క కాకుండా ప్యాకేజీగా ఒకే రేటు చెప్పేవాళ్ళూ ఉంటారు, అది కూడా అడిగి చూడండి. చలికాలంలో తెల్లారకముందే లంబసింగి పొగమంచు చూడాలని ప్లాన్ ఉంటే, వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఆ దారి తెలిసిన డ్రైవర్‌నే పెట్టుకోమంటాను. ముందు పది అడుగులు కూడా కనపడని ఘాట్‌లో పొదుపు గుర్తుకు రాదు.

ఇక పెళ్ళి. ఐదు రోజులు బండి మండపం బయట నిలబెట్టి 1,500 కిలోమీటర్లకి కట్టడం కంటే దండగ ఇంకొకటి లేదు. "మన బండి మన దగ్గరుంటే గౌరవం" అనే మాటకి ఇక్కడ 13,000 రూపాయల ధర ఉంది.

ఎప్పుడు వెళ్తున్నారన్నది

సంక్రాంతి ముందు రెండు రోజులు హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపు వెళ్ళే ఏ బండికైనా రేటు పెరుగుతుంది. పంతంగి టోల్ దగ్గర క్యూ టీవీల్లో చూపిస్తారు కదా, ఆ బండ్లన్నీ ఒకే దిక్కు పోయేవి. అదే రోజుల్లో విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఖాళీగా తిరిగొచ్చే బండి తక్కువకే దొరుకుతుంది. పండగకి తల్లిదండ్రులనే హైదరాబాద్‌కి రప్పించుకునేవాళ్ళకి ఇది లాభం.

మన దగ్గర బండ్ల రేటుని పండగల కంటే ఎక్కువగా ముహూర్తాలు శాసిస్తాయి. మంచి ముహూర్తం ఉన్న రోజు ఇన్నోవా దొరకదు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. ఆషాఢంలోనూ, మూఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి బండ్లు షెడ్డులో ఖాళీగా ఉంటాయి, బేరం ఆడటానికి అదే సమయం. టూర్ తేదీ ఖాయం చేసే ముందు పంచాంగం చూడటానికి ఇది కూడా ఒక కారణమే. శ్రీశైలానికి మాత్రం కార్తీకమాసం, శివరాత్రి వదిలేసి పెట్టుకుంటే బండితో పాటు గది కూడా తేలిగ్గా దొరుకుతుంది.

ఎంతమంది, ఏ బండి

ఏడు సీట్ల బండి అంటే డ్రైవర్‌తో కలిపి ఏడు. ఏడుగురు పెద్దవాళ్ళు ఉండి డ్రైవర్ బండి మాట్లాడుకుంటే ఒకరు మిగిలిపోతారు. అక్కడ సెల్ఫ్ డ్రైవ్‌కి ఒక సీటు లాభం. ఎర్టిగా లాంటి బండిలో చివరి వరుస వేస్తే సామాన్లకి చోటుండదు, పైన క్యారియర్ ఉందో లేదో అడగాలి. సీఎన్‌జీ బండి కిలోమీటరుకి రూపాయి తక్కువ చెప్తే సంతోషించే ముందు డిక్కీ తెరిచి చూడండి. చాలా బండ్లలో సగం సిలిండరే ఉంటుంది.

డ్రైవింగ్ వచ్చినవాళ్ళు ఇద్దరున్న జంటలకి, స్నేహితులకి, రోజుకి రెండొందల లోపు తిరిగే ప్రయాణాలకి సెల్ఫ్ డ్రైవ్ సరిపోతుంది. ఒక్కరే నడపాలి, దూరం తిరుపతి అంత అంటే 560 కిలోమీటర్లు ఒక పూటలో నడపడం నేను చేయను, మిమ్మల్నీ చేయమనను. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే డ్రైవర్ బండి. గుడి దగ్గర దింపి పార్కింగ్ వెతుక్కునే పని ఆయనదే అవుతుంది. ఎండలో అరకిలోమీటరు నడిపించకుండా అమ్మని గేటు దగ్గర దింపగలిగితే, బత్తా అక్కడే గిట్టుబాటు అయినట్టు.

బండి ఖాయం చేసే ముందు ట్రావెల్స్ ఆయనకి ఇలా ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి, జవాబు రాతలోనే తీసుకోండి:

"అన్నా, శనివారం పొద్దున 4కి మియాపూర్‌లో ఎక్కుతాం, ఆదివారం రాత్రి 9కి దిగుతాం, శ్రీశైలం. దీన్ని ఎన్ని రోజులు లెక్క కడతారు? రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లు? మీటరు మా ఇంటి నుంచా, మీ షెడ్డు నుంచా? బత్తా ఎంత, నైట్ బత్తా ఎప్పటినుంచి? టోల్, పార్కింగ్, ట్యాక్స్ లోపలా, బయటా? ఘాట్‌లో ఏసీ వేస్తారా?"

చివరి ప్రశ్న నవ్వులాటకి పెట్టలేదు. కొండ ఎక్కేటప్పుడు "ఇంజన్ మీద లోడ్ పడుతుంది సార్" అని ఏసీ ఆపేసే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు, మే నెలలో అది తెలిసొస్తుంది. ఇక బండి వచ్చినప్పుడు డోరు తీసే ముందు మీటరు ఫొటో ఒకటి తీసుకుని, డ్రైవర్‌కి చూపించి ఎక్కండి.